రొట్టె అమ్మని ఊరు

మా ఇంటి ముందు బస్టాపు తీసేశారు. కిచెనర్ అనే ఈ చలి ఊళ్లో మా అమ్మాయి ఇల్లు కొనుక్కున్న ఈ వీధి ఒకప్పుడు చాలా నెమ్మదైన వీధి అంటారు. నేను వచ్చేటప్పటికే అలా లేదు. ఈ మూడు నాలుగేళ్లలో మన దేశం నుంచి పిల్లలు కాలేజీ చదువులకని వరదలా వచ్చిపడి, ఒక్కో బేస్‌మెంటులో ఐదారుగురు సర్దుకుని, పొద్దున క్లాసులకీ సాయంత్రం పార్ట్‌టైం ఉద్యోగాలకీ పరుగులు తీస్తుంటే, మా గుమ్మానికి ఎదురుగా ఉన్న ఆ స్టాపు ఎప్పుడు చూసినా తిరునాళ్లలా ఉండేది. కిటికీ దగ్గర కూర్చుంటే ఆ పిల్లల మాటలు నా చెవిన పడేవి, కరీంనగర్ యాస ఒకటి, గోదావరి యాస ఒకటి, మధ్యలో పంజాబీ, మలయాళం. నాకు కాలక్షేపంగా ఉన్నదే ఇరుగుపొరుగులకి కంటగింపయింది. కాఫీ కప్పులు పచ్చికలో పడేస్తున్నారన్నారు, గట్టిగా నవ్వుతున్నారన్నారు, కార్లు బయటికి తీయనివ్వడం లేదన్నారు. అందరూ కలిసి సంతకాలు పెట్టి పంపితే, ఒకరోజు ఒక బండి వచ్చి ఆ స్టాపు స్తంభాన్ని ఊడబెరుక్కుని పోయింది. ఇప్పుడా పిల్లలు మంచులో, గాలిలో, పెద్ద రోడ్డు దాకా నడిచిపోవాలి.

ఆ రోజు కోటు వేసుకుని బయటికి వెళ్లి, ఒక అమ్మాయిని ఆపి, ఇంత దూరం ఎలా వెళ్తావమ్మా అని అడిగితే, ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ, "ఏం కాదాంటీ, నడుస్తం. మీరు లోపలికి పోండ్రి, చలి పెడ్తది" అని నన్నే ఓదార్చి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండిపోయి బస్సుల ఆఫీసుకి ఫోను చేశాను. రికార్డు చేసిన గొంతు ఒకటి నా కాల్ చాలా ముఖ్యమైనదని చెప్పి పాట పెట్టింది. ఆ పాట అలా వస్తూనే ఉంది, చివరికి నేనే ఫోను పెట్టేశాను. సాయంత్రం మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చాక ఈ సంతకాల వాళ్లనందరినీ పేరుపేరునా తిడుతుంటే, అది కాసేపు విని, నెమ్మదిగా తనూ సంతకం పెట్టానని చెప్పింది.

"నువ్వా?" అన్నాను.

"అమ్మా, నువ్వు ఊరికే ఎమోషనల్ అవుతున్నావు. స్టాప్ ఏమీ క్లోజ్ చేయలేదు, కొంచెం షిఫ్ట్ చేశారంతే. యంగ్ కిడ్స్, చుట్టూ తిరిగి వెళ్తారు. దట్స్ ఆల్."

చుట్టూ తిరిగి వెళ్తారు. ఈ మాట నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను, నలభై ఏళ్ల కిందట, అల్జీరియాలో, మా బావగారి నోట. ఇప్పుడు దాన్ని అన్న మనిషి పుట్టింది ఆ దేశంలోనే, ఆ మాట వల్ల రేగిన గొడవల మధ్యనే. పాస్‌పోర్టులో దాని పుట్టిన ఊరు చదివిన ప్రతి ఎయిర్‌పోర్టు ఆఫీసరూ తలెత్తి ఒకసారి దాని మొహంలోకి చూస్తాడు. అది విసుక్కుంటుంది. ఎందుకక్కడ పుట్టానో, ఎలా పుట్టానో మాత్రం ఎన్నడూ పూర్తిగా వినలేదు.

నేను గుంతకల్లు రైల్వే కాలనీలో పుట్టి పెరిగినదాన్ని. నాన్నగారు గూడ్సు బండి గార్డు. రైలు కూత వినబడని చోట ఎలా నిద్ర పడుతుందోనని పెళ్లయ్యేటప్పుడు బెంగపడ్డ పిల్లని నేను. తెనాలి దగ్గరి సంబంధం వచ్చింది, అబ్బాయి సివిల్ ఇంజనీరు. అప్పటికే ఆయన అన్నగారు అల్జీరియాలో రైలుమార్గాలు వేసే ఒక కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నారు. ఎనభైల మొదట్లో సంగతి. నా వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇంజనీర్లకి అమెరికా కంటే ముందు ఇరాకు, లిబియా, అల్జీరియా తగిలేవి. బావగారు తమ్ముణ్ణి రప్పించి వంతెనల పని అప్పజెప్పారు. ఏడాది తిరక్కుండా నేనూ వెళ్లాను, ట్రంకు పెట్టెలో చింతపండూ ఆవాలూ ఇంగువా సర్దుకుని, మంచి ఇసుక ఎడారి చూడబోతున్నానని అందరికీ చెప్పి మరీ.

అక్కడ ఎడారి లేదు. ఎత్తైన మైదానం, ఎర్రమట్టి, గడ్డి దుబ్బులు, అక్కడక్కడా గొర్రెలు. మా అనంతపురం జిల్లాకి ఎవరో చలిజ్వరం తెప్పించినట్టుండేది. చలికాలంలో మంచు కూడా పడేది. ఒక చిన్న ఊరు, ఊరికి ఆనుకుని హైవే. ఊరికి అవతల బయలులో మా క్యాంపు, అంటే రేకుల కప్పు వేసిన గదులు రెండు వరసలు, వంటిల్లు, ఆఫీసు. ఊరికీ మా క్యాంపుకీ మధ్య నుంచి రైలు కట్ట పోతోంది. ఆ ఊరి పేరు నాకు బాగా గుర్తుంది, కానీ రాయను. ఆ పేరు నా చేత్తో రాయడానికి ఇప్పటికీ మనసొప్పదు.

క్యాంపులో రాజ్యం మా తోడికోడలిది. బావగారు బయట ఎంతో, ఆవిడ లోపల అంత. బియ్యం కంటైనరు రేవు నుంచి రావడం ఆలస్యమైతే ఎవరికెన్ని గ్లాసులు కొలవాలో ఆవిడే చెప్పాలి, నూనె డబ్బా తాళం ఆవిడ కొంగుకే ఉండాలి. నేను వెళ్లిన వారానికే నా ఇంగువ డబ్బా ఆవిడ అలమరలోకి చేరింది. ఎదురుచెప్పే అలవాటు మావారికి లేదు. ఆయన చిన్నతనంలోనే తండ్రి పోతే అన్నగారే చదివించారు, అందుకని అన్నగారు కూర్చోమంటే కూర్చునేవారు, లేవమంటే లేచేవారు. నాకు ఆయన మీద కోపం వచ్చేది, కానీ ఎవరితో చెప్పుకుంటాను? అక్కడ తెలుగు వచ్చిన ఆడవాళ్లం ఇద్దరమే, నేనూ, నేను ఎవరి మీద చెప్పుకోవాలనుకుంటానో ఆవిడా.

ఆ రోజుల్లో నాకు దొరికిన ఒకే ఒక ఊరట పొద్దున్నే రొట్టెకి వెళ్లడం. అక్కడివాళ్లకి మన అన్నం లాంటిది రొట్టె, మూరెడు పొడవు, పైన కరకర, లోపల దూది. బియ్యం అరకొరగా వచ్చే మాకూ అదే ఆధారం. ఊరి అంచున ఒక రొట్టెల దుకాణం ఉండేది. కట్టలో ఒకచోట ఖాళీ వదిలి ఉంచారు, అక్కడ అండర్ బ్రిడ్జి రావాలి. ఊరి జనం గొర్రెల్ని తోలుకుని ఆ సందులోంచి బయలుకి వచ్చేవారు, నేను అదే సందులోంచి ఊళ్లోకి వెళ్లేదాన్ని. దుకాణం యజమాని తల్లి గల్లా దగ్గర కూర్చునేది. ముసలావిడ, గడ్డం మీద పచ్చబొట్టు, చేతులకి గోరింటాకు, తెల్లటి బట్ట తలనుంచి కప్పుకుని ఉండేది. నవ్వే మనిషి కాదు. నేను కడుపుతో ఉన్నానని తెలిశాక కూడా నవ్వలేదు, కాకపోతే బాగా కాలిన రొట్టె ఏరి ఇచ్చేది.

ఒకరోజు ఆ సందు దగ్గర మట్టి లారీలు బారులు తీరి కనిపించాయి. మావారిని అడిగితే, అండర్ బ్రిడ్జి కట్టడం మానేశారన్నారు, కాగితాల మీద ఉందిగానీ అన్నయ్య పైవాళ్లని ఒప్పించాడన్నారు. దాని కోసం ఆగితే గడువు దాటుతుంది, గడువులో పూర్తిచేస్తే పక్క సెక్షన్ పని కూడా మన కంపెనీకే ఇస్తారు, అదీ ఆయన లెక్క. మరి ఊరివాళ్లు బయలుకి ఎలా వస్తారని అడిగాను. దూరంగా లెవెల్ క్రాసింగు ఒకటి ఉంది, జీపులో పోయే మాకు అది దూరమే కాదు, గొర్రెలతో నడిచేవాళ్లకి మాత్రం సగం పూట. పైగా వాళ్ల శ్మశానం కూడా బయలు వైపే ఉంది.

ఊరి పెద్దలు వచ్చారు. ఐదారుగురు, ఉన్ని అంగరఖాలు తొడుక్కుని, మా ఆఫీసు గది ముందు గాలిలో నిలబడ్డారు. ఆ దేశంలో శత్రువొచ్చినా ముందు కాఫీ పోస్తారు. మా బావగారు వాళ్లని లోపలికి కూడా పిలవలేదు. మెట్టు మీద నిలబడి, డ్రైవరు చేత మాట్లాడించారు. డ్రైవరు ఆ ఊరివాడే, మా వర్కర్లతో తిరిగి తిరిగి హిందీ ముక్కలు నేర్చుకున్నాడు. పెద్దలు చాలాసేపు చెప్పారు. బావగారు వింటున్నంతసేపూ వాచీ చూసుకున్నారు. చివర్లో మావారి వైపు తిరిగి తెలుగులోనే అన్నారు:

"చుట్టూ తిరిగి వెళ్తారు. గొర్రెలు కాసుకునేవాళ్లకి నడవడమేమన్నా కొత్తా? మనకి వీళ్ల ఊరు ముఖ్యమా, లైను ముఖ్యమా?"

తెలుగు రాకపోయినా వాళ్లకి అర్థమైంది. అందరిలోకీ పెద్దాయన కిందకి వంగి చెప్పుకి అంటిన మట్టి మా మెట్టుకేసి రాసి వెళ్లిపోయాడు.

మర్నాడు నేను రొట్టెకి వెళ్లాను. సందు పూడ్చేశారు కాబట్టి ఎవరో జీపులో దింపారు. ముసలావిడ నన్ను చూసి, "మకాన్‌ష్" అంది. వాళ్ల భాషలో లేదు అని. ఆవిడ వెనక చెక్క అలమరలో రొట్టెలు పొగలు కక్కుతున్నాయి. నేను వేలు పెట్టి చూపించాను. ఆవిడ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. "మకాన్‌ష్" అంది మళ్లీ. నా వెనక వచ్చినవాళ్లు నాకు భుజం తగిలిస్తూ ముందుకి వెళ్లి, రొట్టెలు చంకలో పెట్టుకుని, నా మొహంలోకి చూస్తూ బయటికి నడిచారు. ఆ మాట ఆ తర్వాత నాకు ప్రతి కొట్టు దగ్గరా ఎదురైంది. కూరగాయలు మకాన్‌ష్, పాలు మకాన్‌ష్, పిల్లాడికని ఉన్ని దారం అడిగితే అదీ మకాన్‌ష్. కడుపులో పిల్లతో బజారంతా తిరిగి ఖాళీ సంచితో జీపెక్కి ఏడ్చాను. దుఃఖం కాదు అది, ఉక్రోషం. వాళ్లకి నేనేం చేశాను?

అక్కణ్ణించి రోజులు చెడ్డగా గడిచాయి. గది పైకప్పు రేకుల మీద రాళ్లు పడేవి. మా వాటర్ ట్యాంకరు టైర్లలో ఎవరో మేకులు దించారు. లెవెల్ క్రాసింగు దగ్గర పిల్లలు మా జీపు మీద ఉమ్మేవారు. మా వర్కర్లు కూడా తక్కువ తినలేదు, ఊరివాళ్ల గొర్రె ఒకటి క్యాంపు వైపు వస్తే పట్టుకుని కోసుకున్నారు. క్యాంపు లోపల పిండి డబ్బా దగ్గర నాకూ తోడికోడలికీ రోజూ రగడే. "నీ ఒక్కదానికే వచ్చిందా ఏంటమ్మాయ్ కడుపు? మాకు రాలేదా?" అనేది ఆవిడ, నేను ఇంకో చపాతీ వేసుకుంటే. ఆవిడకి పిల్లల్లేరని ఈ మాట రాస్తుంటే గుర్తొస్తోంది. నెలలు నిండకుండానే పోయారు ఇద్దరు. అప్పుడు నాకది తట్టలేదు, తట్టినా అప్పటి కోపంలో పట్టించుకునేదాన్ని కాదు.

ఒక పగటిపూట వాళ్ల ఊళ్లో ఎవరో పోయారు. నేను గది ముందు బట్టలారేస్తూ చూశాను. కట్ట మీద ముందు తలలు కనబడ్డాయి, తర్వాత పాడె. చుట్టూ తిరిగి వెళ్లలేదు వాళ్లు. శవాన్ని మోసుకుని నిటారుగా ఉన్న ఆ కట్ట ఎక్కారు, అప్పుడే పోసిన కంకర మీద కాళ్లు జారుతుంటే ఒకళ్ల నడుము ఒకళ్లు పట్టుకుని నిలబడ్డారు. బావగారు ఆఫీసులోంచి వచ్చి వాచ్‌మన్‌ని పంపించారు, దిగమని చెప్పు, కంకర చెదిరిపోతోంది అంటూ. వాచ్‌మన్ ఈల ఊదుకుంటూ పరుగెత్తాడు. దిగేటప్పుడు ముందు మోస్తున్నవాడు జారి మోకాళ్ల మీద పడ్డాడు. పాడె ఒకవైపుకి ఒరిగిపోయింది. తెల్లగుడ్డలో చుట్టిన మనిషి జారి కిందపడిపోతాడేమోనని నేను ఇక్కడి నుంచే కేక పెట్టాను. వెనకవాళ్లు ఎలాగో ఆపుకున్నారు. ఆ గుంపు అంతా ఒక్కసారి ఆగి మా క్యాంపు కేసి చూసింది. ఆ చూపు దూరం నుంచి కూడా తగిలింది. వాచ్‌మన్ ఈల నోట్లోంచి తీసేశాడు.

మర్నాటి నుంచి దారి మూసేశారు. మా క్యాంపు దారి లెవెల్ క్రాసింగు దాటి, ఊరి అంచున రొట్టెల దుకాణం పక్క నుంచి హైవే ఎక్కాలి. ఆ దుకాణం ముందు రోడ్డుకి అడ్డంగా బండరాళ్లు పేర్చి, వాటి వెనక ఆడవాళ్లు కూర్చున్నారు. మగవాళ్లయితే పోలీసులు పట్టుకుపోతారని ఆడవాళ్లని కూర్చోబెట్టారని మావారన్నారు. బావగారు పోలీసులకి కబురు పంపారు. వాళ్లు వచ్చి చూసి, టీ తాగి, ఆడవాళ్లని తాకలేమని చెప్పి వెళ్లిపోయారు.

అలాంటి రోజుల్లో, డాక్టరు చెప్పినదానికి చాలా ముందే, పొద్దున స్టవ్వు దగ్గర నిలబడి ఉండగా నాకు నొప్పులు మొదలయ్యాయి. ఆస్పత్రి హైవే మీద చాలా దూరంలో ఉన్న పెద్ద ఊళ్లో ఉంది. మావారు నన్ను జీపు వెనకసీటులో పడుకోబెట్టారు. తోడికోడలు ఒక దుప్పటి పడేసింది, తను రాలేదు. దుకాణం ముందు జీపు ఆగిపోయింది. మావారు దిగి చేతులు జోడించారు. ఆడవాళ్లలో ఒక్కరూ కదల్లేదు. ఎవరో గట్టిగా ఏదో అంటే కొందరు నవ్వారు. ఏమంటోందని నేను లోపల్నుంచి అరిచాను. డ్రైవరు తల దించుకుని, "చుట్టూ తిరిగి వెళ్లమంటున్నారమ్మా" అని హిందీలో చెప్పాడు.

అప్పుడు రొట్టెల దుకాణం ముసలావిడ లేచి వచ్చింది. జీపు తలుపు తీసి, అడగనైనా అడగకుండా నా పొట్ట మీద చెయ్యి వేసింది. పిండి అంటిన చెయ్యి. గట్టిగా నొక్కి చూసింది, నేను అరిచాను. ఆవిడ మొహంలో జాలి లేదు. వెనక్కి తిరిగి ఆడవాళ్లతో ఏదో అని, తనే వంగి మొదటి బండరాయిని దొర్లించింది. ఆ తర్వాత మిగతావాళ్లు లేచారు. జీపు కదిలే ముందు ఆవిడ డ్రైవరు కిటికీ మీద కొట్టి ఒక మాట చెప్పింది. దాన్ని మా డ్రైవరు చాలా దూరం వెళ్లాకగానీ నాకు చెప్పలేదు.

"దారి తెరిచింది మీ కోసం కాదట. కడుపులోంచి వచ్చేవాళ్ల కోసమట. మీరు తిరిగొచ్చేటప్పటికి మళ్లీ మూసేస్తామంది."

అమ్మాయి బతికింది, నేనూ బతికాను. ఆస్పత్రిలో నర్సులు నన్ను బాగానే చూసుకున్నారు, నా గురించి ఆ పెద్ద ఊళ్లో ఎవరికీ ఏమీ తెలియదు. కొన్నాళ్లకి పంపించేశారు. ముసలావిడ అన్నంత పనీ చేసింది. రొట్టెల దుకాణం ముందు బండరాళ్లు ఎప్పటిలా పేర్చి ఉన్నాయి, వెనక ఆడవాళ్లు ఎప్పటిలా కూర్చుని ఉన్నారు. పసిపిల్లని చూసి ఇద్దరు ముగ్గురు మెడలు సాచారు, అంతే. మనుషులు కావాలంటే నడిచిపోవచ్చు, బండి మాత్రం కదలడానికి వీల్లేదన్నారు. జీపు అక్కడే వదిలేశాం. లెవెల్ క్రాసింగు దాకా నడిచే ఓపిక నాకు లేదు. ఎదురుగా కట్ట ఉంది, కట్టకి అవతల మా గది రేకుల కప్పు కనబడుతోంది.

ఎక్కాను. మావారు పిల్లని పొదువుకుని ముందు, నేను వెనక. పచ్చి బాలింతని, కుట్లు ఇంకా మానలేదు. రెండడుగులు పైకి వేస్తే ఒకడుగు కిందికి జారేది. చేతులు ఆన్చి పాకాను. కంకర చివరలు అరచేతుల్లో దిగబడ్డాయి. ఒకచోట మావారి కాలు జారి పిల్లతో సహా వెనక్కి తూలారు, నేను కింద నుంచి ఆయన వీపుకి తల ఆన్చి ఆపాను. పైకెక్కాక పట్టాల పక్కన కూలబడి, ఇటు ఊరూ అటు బయలూ రెండూ చూశాను. ఆ ముసలావిడ కింద నిలబడి మా ఇద్దర్నీ చూస్తోంది. చూడనీ అనుకున్నాను. ఆవిడ మీద కోపం తగ్గలేదుగానీ, అంతకంటే పెద్ద కోపం ఇంకోవైపు తిరిగింది.

క్యాంపులో బావగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు, తోడికోడలు సేమ్యా పాయసం చేసింది. నేను మట్టి చేతులతో, రక్తమంటిన చీరతో ఆయనకి ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. ఆ రోజుల్లో మా ఇళ్లలో మరదలు బావగారి ముందు కుర్చీలో కూడా కూర్చునేది కాదు, నా వయసు వాళ్లకి చెప్పనక్కర్లేదు.

"బావగారూ, ఒక్కసారి ఆ కట్ట ఎక్కి దిగి రండి," అన్నాను.

"ఏంటమ్మా?"

"శవాన్ని మోసుకుని ఎక్కక్కర్లేదు. పసిపిల్లని ఎత్తుకునీ ఎక్కక్కర్లేదు. ఉత్తి చేతులతో ఎక్కి దిగి రండి. అప్పుడు పాయసం తింటాను."

"బాలింత పిచ్చి పట్టిందేమిరా నీ పెళ్లానికి?" అన్నారాయన తమ్ముడితో. "లోపలికి తీసుకుపో."

మావారు పిల్లని తోడికోడలి చేతుల్లో పెట్టారు. తర్వాత, "పిచ్చి కాదన్నయ్యా. నేనూ ఎక్కాను," అన్నారు. అంతే అన్నారు. కానీ మా పెళ్లయ్యాక ఆయన అన్నగారికి ఎదురుచెప్పిన మొదటి మాట అది. తోడికోడలు పిల్ల తల సర్దుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే ఆ దేశపు రైల్వే ఇంజనీర్లు తనిఖీకి వచ్చారు. ఊరివాళ్లు వాళ్ల కారునీ ఆపి, అరిచి, కట్ట చూపించి పంపారు. నలుగురు రౌడీల గోల అని బావగారు నవ్వుతూ తీసిపారేశారు. నేను టీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. వాళ్లలో పెద్దాయన వంతెనల ఇంజనీరు ఎవరని అడిగాడు. మావారు లేచి నిలబడి, వచ్చీరాని ఫ్రెంచిలో, అక్కడ అండర్ బ్రిడ్జి ఉండాల్సిందేననీ, కట్ట తవ్వి ఇప్పుడైనా పెట్టొచ్చనీ, తనే దగ్గరుండి చేయిస్తాననీ చెప్పారు. ఆ గదిలో ఎవరూ టీ ముట్టుకోలేదు. బావగారి చెవులు ఎర్రబడటం నేను చూశాను.

కట్ట తవ్వారు. సిమెంటు పెట్టెలాంటి దారి ఒకటి కట్టారు, ఇద్దరు మనుషులూ నాలుగు గొర్రెలూ పక్కపక్కన పోయేంత. గడువు దాటిపోయింది, పక్క సెక్షన్ వేరేవాళ్లకి పోయింది. మావారు ఆ పని పూర్తిచేసేవరకూ బావగారు ఆగారు, ఆ మర్నాడే మమ్మల్ని ఇండియా పొమ్మన్నారు. పెట్టెలు సర్దుకునేటప్పుడు తోడికోడలు వచ్చి నా ఇంగువ డబ్బా మంచం మీద విసిరి, "అన్నదమ్ముల్ని విడదీశావు, సంతోషమేగా?" అంది. డబ్బా ఖాళీగా ఉంది.

వెళ్లేరోజు దారిలో రాళ్లు లేవు. రొట్టెల దుకాణం ముందు నేనే జీపు ఆపించాను. ఎందుకాపించానో నిజం చెప్తాను, నాకొక రొట్టె కావాలనిపించింది. ఊరికి దారి వచ్చింది మా వల్ల, మా ఇంట్లో చిచ్చు రేగింది ఆ దారి వల్ల, ఒక రొట్టె నాకు రావలసి ఉందనుకున్నాను. పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్లాను. ముసలావిడ పిల్లని పరీక్షగా చూసింది, దుప్పటి అంచు లాగి దాని పాదం కప్పింది. తర్వాత నా వైపు చూసి డ్రైవరుతో ఏదో చెప్పింది.

"ఏమంటోంది?"

"ముందు మమ్మల్ని ఏలిన ఫ్రెంచివాళ్లు వచ్చి అడక్కుండా మా నేల మీద గీత గీశారు, తర్వాత మీరొచ్చి గీశారు అంటోందమ్మా. ఆ దారి మీరిచ్చింది కాదట. అది ముందు నుంచీ వాళ్లదేనట. ధన్యవాదాలేమీ ఉండవంటోంది."

"రొట్టె అడుగు."

అడిగాడు. ఆవిడ నా కళ్లలోకి సూటిగా చూసి, "మకాన్‌ష్" అంది.

ఆ రోజు హైవే మీద జీపులో తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. అన్నదమ్ములు మళ్లీ కలవలేదు. మా అత్తగారు పోయినప్పుడు ఒకే ఇంట్లో పదిరోజులుండి కూడా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు. మావారు గల్ఫులో పనిచేశారు, తర్వాత హైదరాబాదులో. అమ్మాయి చదువుకుని అమెరికా వెళ్లి, అక్కడి వీసాల గొడవ పడలేక ఈ దేశం వచ్చి స్థిరపడింది. మావారు పోయాక నన్ను తెచ్చుకుంది. బావగారు అంతకుముందే పోయారు. మావారు పోయిన నెలకి తోడికోడలు ఫోను చేసింది. ఓదారుస్తుందేమోనని ఎత్తాను. "నువ్వు ఆ రోజు నోరు మూసుకుని ఉంటే నలుగురం ఒకచోట ఉండేవాళ్లం," అంది. నేనూ ఊరుకోలేదు. చాలాసేపు పోట్లాడుకున్నాం. పెట్టేసే ముందు, "పిల్ల ఎలా ఉంది?" అని అడిగింది. ఆ తర్వాతి ఏడాది ఆవిడా లేదు.

పగలన్నీ కరిగిపోయాయని చెప్పడం ఈ వయసులో మర్యాదగా ఉంటుందిగానీ, అది నిజం కాదు. ఆ ఊరంటే నాకిప్పటికీ కోపమే. పోయిన బావగారి మీదా కోపమే. కాకపోతే ఈ మధ్య ఆ కోపాల్ని తలుచుకుంటే ఒక రకమైన బెంగ కలుగుతోంది. వాళ్లంతా నాకు ఎదురుగా నిలబడి నన్ను కాదన్నవాళ్లు. ఎందుకు కాదంటున్నారో నాకు తెలుసు, నేను ఏమంటున్నానో వాళ్లకి తెలుసు. వాళ్ల చేతుల వాసన కూడా నాకు తెలుసు. ఇక్కడ అందరూ నన్ను చూసి నవ్వుతారు. ఎంత చలిగా ఉందోనంటారు, నా చేతిలో సంచి అందుకుంటారు, తలుపు తీసి పట్టుకుంటారు. ఎవరికి ఎవరంటే గిట్టదో మాత్రం ఎవరి మొహంలోనూ కనబడదు. ఒకనాడు పొద్దున్నే లేచి చూస్తే ఏదో ఒకటి మారిపోయి ఉంటుంది, ఎవరు మార్చారో అడగడానికి మనిషి ఉండడు. మా అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పోట్లాడదామన్నా, "లెట్స్ నాట్ డూ దిస్, అమ్మా," అని నెమ్మదిగా చెప్పి లేచిపోతుంది. నాతో మనసారా పోట్లాడేవాళ్లు ఒక్కొక్కళ్లే వెళ్లిపోయారు. మిగిలిన ఈ మర్యాదల మధ్య ఏం చేయాలో నాకు తోచడం లేదు.